మా అత్త వెళ్ళని ఇళ్ళు

మా మేనత్త చేతులు ఎప్పుడూ డీజిలు వాసన వేసేవి. సబ్బుతో రుద్దినా, నిమ్మచెక్కతో రుద్దినా ఆ వాసన వదిలేది కాదు. సెలవు మీద ఇంటికి వచ్చి నాకు జడ వేసిందంటే ఆ పూటంతా నా తల లారీ వాసన వేసేది. "దీన్ని చేసుకునేవాడికి ముందు పెట్రోలు బంకులో ఉద్యోగం వేయించాలి, అలవాటు పడతాడు" అని మా నాన్న వేళాకోళం చేసేవాడు. ఆయన ఆమెకు తమ్ముడు. "ముందు నీ స్కూటరు కదిలేట్టు చేసుకో, తరువాత నాకు మొగుణ్ణి వెతుకుదువుగాని" అనేది అత్త.

ఆమెది సైన్యంలో వాహనాలు బాగుచేసే పని. వర్క్‌షాపులో అందరూ పానా అని పిలిచేవారు, చేతిలో పానా లేకుండా ఆమెను చూసినవాళ్ళు తక్కువ కాబట్టి. మా తాతయ్య బస్సు డిపోలో మెకానిక్కు. మిగతా పిల్లలు బొమ్మలతో ఆడుకునే వయసులో అత్త ఆయన వెనకాలే తిరుగుతూ, శబ్దం విని ఇంజనుకు ఏమొచ్చిందో చెప్పడం నేర్చుకుంది.

మేం ఉండేది రైలు పట్టాలకు అవతల. ఊళ్ళో మిగతావాళ్ళు మమ్మల్ని అవతలివాళ్ళు అంటారు. కొందరు తిట్టుగా అంటారు, కొందరు ఊరికే గుర్తుకోసం అంటారు. వినే చెవికి తేడా తెలుస్తుంది. ఇంట్లో మేం మాట్లాడుకునే భాష వేరు. దాన్ని ఇంటి మాట అంటాం. గుమ్మం దాటాక మాట్లాడేది బజారు మాట. మావాళ్ళు ఉండే పేటలు ఇంకా కొన్ని ఊళ్ళలో ఉన్నాయి గానీ ఎక్కడ చూసినా మేం కొద్దిమందిమే. సైన్యంలో అయితే దాదాపు ఎవరూ లేరు. రావద్దని ఎవరూ అనలేదు. దరఖాస్తు పెట్టినవాళ్ళు మాత్రం ఏదో ఒక మెట్టు దగ్గర ఆగిపోయేవారు, ఛాతీ కొలత దగ్గర కాకపోతే పోలీసు విచారణ దగ్గర. ఆ ఏడాది ఇంజన్లు తెలిసినవాళ్ళు దొరక్క సైన్యం అవస్థ పడుతోంది కాబట్టి అత్తకు దారి దొరికింది.

అక్కడ ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. కానీ భోజనాల బల్ల దగ్గర ఫోనులో మా నాయనమ్మతో ఇంటి మాటలో మాట్లాడుతుంటే చుట్టుపక్కల చెంచాల చప్పుడు ఆగిపోయేది. ఆమె ఫోను పెట్టేశాక మళ్ళీ మొదలయ్యేది. ఒకరోజు సార్జంటు పక్కకు పిలిచి, "నువ్వేం తప్పు మాట్లాడావని కాదు పానా. ఏం మాట్లాడుతున్నావో మాకు తెలియదు కదా, అందుకని" అన్నాడు. అప్పటినుంచి అత్త ఇంటి మాట ఇంజన్లతోనే మాట్లాడేది. అవి కనీసం చెవులు రిక్కించేవి కావు అని నవ్వేది.

ఆమె చేరిన కొన్నేళ్ళకు పైనుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. సైన్యాన్ని చూస్తే దేశమంతా కనబడాలి, అన్ని రకాలవాళ్ళనూ చేర్చుకోవాలి అని. దానికోసం ప్రచార విభాగం మేజరు ఒకాయన, ఫొటోగ్రాఫరును వెంటపెట్టుకుని వర్క్‌షాపుకు వచ్చాడు. మెత్తని మనిషి, ఎవరినీ గద్దించి ఎరగడు. అత్తను మొహం కడుక్కుని రమ్మన్నాడు. తొడిగించిన చొక్కా ఆమెది కాదు, ఆఫీసులో పనిచేసే ఒకామెది. ఇస్త్రీ మడత నలగలేదు. భుజాల దగ్గర వదులుగా ఉంటే వెనకనుంచి బట్టలారేసే క్లిప్పులు పెట్టి బిగించారు.

"కొంచెం నవ్వమ్మా. అంత వద్దు" అన్నాడు ఫొటోగ్రాఫరు. "మీవాళ్ళమ్మాయి ఎవరో ఎదురుగా నిలబడిందనుకో. రమ్మని పిలుస్తున్నట్టు చూడు."

"ఎక్కడికి రమ్మని?" అంది అత్త.

"ఎక్కడికో ఎందుకు? రమ్మని. అంతే."

ఆ పోస్టరు బస్టాండుల్లో, ఆసుపత్రి వరండాల్లో, మావాళ్ళ పేటల్లో ప్రతి గోడ మీదా వెలిసింది. "రా, నీకు చోటుంది" అని రెండు భాషల్లోనూ వేశారు. ఇంటి మాటను సర్కారువాళ్ళు అచ్చు వేయడం మేం చూడటం అదే మొదటిసారి. మా నాయనమ్మ బస్టాపులో దాని ముందు చాలాసేపు నిలబడి, "పిల్ల బాగుంది. ఎవరి పిల్ల?" అంది.

"నేనేనమ్మా!" అంది అత్త.

"నువ్వైతే గడ్డం మీద పుట్టుమచ్చ ఏదే?"

ప్రెస్సువాళ్ళు మరక అనుకుని చెరిపేసినట్టున్నారు. నాయనమ్మ ఇంకోసారి చూసి, తల అడ్డంగా ఊపి, "నువ్వు కాదులే" అని బస్సెక్కేసింది. ఇంట్లో అందరం నవ్వుకున్నాం.

తరువాత జరిగింది అత్త నాకు ఒకేసారి చెప్పలేదు, ముక్కలు ముక్కలుగా చెప్పింది. కొంత ఆమె వెళ్ళిన ఇళ్ళవాళ్ళ నోటే విన్నాను.

సెలవులో ఒకసారి నాన్న స్కూటరుకు కావలసిన భాగం కోసం పక్క ఊళ్ళో పాత ఇనుము కొట్టుకు వెళ్ళింది. అక్కడా మావాళ్ళ పేట ఒకటి ఉంది గానీ ఆమె అంతకుముందు ఎప్పుడూ అటు పోలేదు. ఎండ దంచేస్తోంది. తలుపు తీసి ఉన్న ఇంటి ముందు ఆగి, మంచినీళ్ళు ఇస్తారా అని అడిగింది. లోపల ఒకావిడ మెడలో టేపు వేసుకుని మిషను మీద జాకెట్టు కుడుతోంది. తలెత్తి చూసి మొహమంతా నవ్వయింది.

"మళ్ళీ వచ్చావా తల్లీ! రా, కూర్చో. ఈసారన్నా నీళ్ళు తాగు."

పోస్టరు చూసి గుర్తుపట్టిందనుకుని అత్త కూర్చుంది.

"మావాడు నీ మాట మీదే వెళ్ళాడమ్మా" అంది దర్జీ ఆవిడ నీళ్ళు తెస్తూ. "శిక్షణ అయిపోయింది. బాగానే ఉన్నానని ఫోను చేశాడు. నువ్వు వచ్చి కూర్చుని చెప్పకపోతే నేను చచ్చినా పంపేదాన్ని కాదు."

"నేను ఎప్పుడొచ్చాను పిన్నీ?"

"ఎగతాళా? పోస్టరు అంటించిన వారంలోనే కదా. చీకటి పడబోతోంది, ఇంకా లైటు వేయలేదు. చూసేసరికి ఈ కుర్చీలోనే ఉన్నావు. గేటు చప్పుడు కూడా కాలేదు."

"ఏమన్నాను?"

"నేనున్నాను కదా పిన్నీ, పంపించు, నేను చూసుకుంటాను అన్నావు. మన మాట ఎంత ముచ్చటగా మాట్లాడావో! మా అమ్మమ్మ మాట్లాడినట్టుంది. ఆ మాటలు ఇప్పుడెవరికి వచ్చు?"

అత్త ఇంటి మాటలో సగం బజారు మాటే ఉంటుంది. ఆమె లేచి, వెలుతురులోకి వెళ్ళి గడ్డం ఎత్తి చూపించింది. "ఈ మచ్చ అప్పుడుందా?"

ఆవిడ దగ్గరికి వచ్చి చూసింది. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూసింది.

"లేదు" అంది. ఆమె గొంతు చిన్నదైపోయింది. "వాసన కూడా లేదు. నీ దగ్గర ఇప్పుడు నూనె వాసనేదో వస్తోంది. అప్పుడు ఏ వాసనా లేదు."

అత్త ఏదో సర్దిచెప్పి బయటపడింది. వీధి మలుపు తిరిగాక గుర్తొచ్చింది, తాను కూడా నీళ్ళు ముట్టకుండానే లేచి వచ్చానని.

భర్తీ ఆఫీసువాళ్ళు తనలా కనిపించే మనిషినెవరినో తయారుచేసి తిప్పుతున్నారని మొదట ఆమె అనుమానం. మండిపడుతూ మేజరు దగ్గరికి వెళ్ళింది. ఆయన నిజంగానే తెల్లబోయాడు.

"మేం ఎవరినీ పంపలేదు పానా. పంపడానికి మనుషులేరీ? గోడలకు కాగితాలు అంటించాం, అంతే. మీవాళ్ళు వస్తూనే ఉన్నారు. మంచిదేగా?"

మంచిదేనేమో అనుకుంది అత్త. మావాళ్ళ పిల్లలకు జీతాలొచ్చే ఉద్యోగాలు దొరుకుతున్నాయి. పోలీసు విచారణ దగ్గర ఎవరూ ఆగిపోవడం లేదు. కాదనడానికి ఏముంది?

అయినా మనసు ఊరుకోలేదు. సెలవు దొరికినప్పుడల్లా చేరిన పిల్లల ఇళ్ళకు వెళ్ళింది. తలుపు తీసినవాళ్ళు తలుపు తీసినట్టే, "మళ్ళీ వచ్చావా" అనేవారు. వచ్చిన మనిషి ఎప్పుడూ లైటు వేయకముందే వచ్చేదట. వీపు కుర్చీకి ఆనించేది కాదట, వెనక ఏదో గుచ్చుకుంటుందేమో అన్నట్టు నిటారుగా కూర్చునేదట. గ్లాసు ఇస్తే అందుకుని ఒళ్ళో పెట్టుకునేదట, వెళ్ళాక చూస్తే నీళ్ళు పోసినవి పోసినట్టే ఉండేవట. ఒక ఇంట్లో ముసలాయన, "నువ్వు చూసే చూపే నాకు నచ్చలేదమ్మా, ఏమనుకోకు. నా మనవరాలి వైపు చూశావు గానీ, దాన్ని చూడలేదు" అన్నాడు. ఫొటో రోజు వీపు వెనక పెట్టిన క్లిప్పుల సంగతి ఫొటో తీసినవాళ్ళకూ అత్తకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఆ ముసలాయన మనవరాలే కొన్నాళ్ళకు వర్క్‌షాపులో పనికి వచ్చింది. బక్కపల్చటి పిల్ల, అందరూ పిట్ట అనేవారు. షెడ్డులోకి అడుగు పెడుతూనే లారీ కింద ఉన్న అత్త బూట్లు గుర్తుపట్టినట్టు, ఇంటి మాటలో, అందరికీ వినబడేలా, "అక్కా, వచ్చేశాను!" అని కేకేసింది.

షెడ్డంతా చప్పుడు ఆగిపోయింది. సుత్తి కొడుతున్నవాడు కూడా ఆగాడు.

అత్త లారీ కిందనుంచి జారి బయటికి వచ్చింది. పిల్ల మొహం నిండా నమ్మకమే.

"నన్ను నీ పక్కనే పెట్టుకుంటానని చెప్పావు కదక్కా" అంది పిట్ట.

అలాంటి మాట తానెవరికీ చెప్పలేదు. అయినా అత్త ఆ పిల్ల భాషలోనే, గొంతు తగ్గించకుండా, "చెప్పాను. ఆ పెద్ద పానా ఇటు అందుకో" అంది.

ఎందుకలా అన్నావని నేను అడిగితే, "ఇంకేమంటానే? దిక్కులేనట్టు నిలబడి ఉంటే" అంది.

అక్కడినుంచి ఆమె బతుకు మారిపోయింది. వేరే వేరే చోట్లనుంచి మావాళ్ళ పిల్లలు ఫోన్లు చేసేవారు. అక్కా, నాకు కడుపునొప్పొస్తే డాక్టరుతో నువ్వు మాట్లాడతానన్నావు. అక్కా, మా నాన్న పోతే సెలవు ఇప్పిస్తానన్నావు. ఆమె ఎప్పుడూ ఇవ్వని మాటలు. ఒక్కొక్కటీ తన నెత్తినే వేసుకుని నిలబెట్టుకుంటూ వచ్చింది. సార్జంటు మళ్ళీ భాష సంగతి ఎత్తితే ఈసారి నోరు మూసుకోలేదు. మేజరు దగ్గరికి వెళ్ళి, "మా భాష గోడకు పనికొచ్చింది, నోటికి పనికిరాదా సార్?" అని అడిగింది. ఆయన ఎర్రబడ్డాడట. కొన్నాళ్ళకు ఉత్తర్వు వచ్చింది, వైర్‌లెస్ గదిలో తప్ప ఎవరి భాష వాళ్ళు మాట్లాడుకోవచ్చని. మొదట్లో చెంచాలు ఆగేవి. తరువాత తరువాత ఆగడం మానేశాయి. సుత్తి కొట్టేవాడు పిట్ట దగ్గర ఇంటి మాటలో తిట్లు నేర్చుకున్నాడు, అవి మాత్రం చక్కగా పలికేవాడు.

అంతా దారిలో పడుతోందనుకునేసరికి దర్జీ ఆవిడ కొడుకు పోయాడు. సరిహద్దు దగ్గర సామాన్లు తీసుకెళ్ళే దారిలో మందుపాతర పేలింది. శవపేటిక వెంట ఎవరిని పంపాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఆ తల్లికి ఆమె భాషలో చెప్పగలిగేవాళ్ళు కావాలని అత్తను పంపారు.

ఇల్లంతా జనం. కుట్టుమిషను మీద ఎవరో దుప్పటి కప్పారు. దర్జీ ఆవిడ అత్తను చూసింది. ఏడవలేదు. కుర్చీ చూపించింది. అత్త కూర్చుంది.

"నేను చూసుకుంటాను అన్నావు" అంది ఆవిడ.

అందరూ అత్త వైపు తిరిగారు. నేను కాదు అని చెప్పడానికి ఒక్క క్షణం చాలు. గడ్డం ఎత్తి చూపిస్తే చాలు.

"అవును పిన్నీ, అన్నాను" అంది అత్త. "చూసుకోలేకపోయాను."

ఆవిడ లోపలికి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. అత్త చివరి చుక్క వరకూ తాగింది. గ్లాసు తిరిగి తీసుకుంటూ ఆవిడ వంగి, అత్త చెవిలో మాత్రమే పడేలా అంది: "ఆమె నువ్వు కాదని నాకు తెలుసమ్మా. కానీ ఎవరో ఒకరు ఒప్పుకోవాలి కదా."

తిరిగి వచ్చాక అత్త పోస్టర్లు తీయించేదాకా మేజరును వదల్లేదు. ఆయన కాదనలేదు. మనుషుల్ని పంపి గీకించాడు. గీకిన చోట చొక్కా పోయింది, అక్షరాలు పోయాయి. మొహం మాత్రం జిగురుతో గోడకు పట్టుకుని చాలాచోట్ల అలాగే ఉండిపోయింది. మా బస్టాపులో అయితే కళ్ళు, నవ్వు మిగిలాయి. నేను బడికి వెళ్ళేటప్పుడు అటు చూసేదాన్ని కాదు.

అప్పుడు అత్త ఇంకో నిర్ణయం తీసుకుంది. ఏ ఇంట్లో చేరాలనుకునే పిల్లలున్నారని తెలిసినా, ఆ మనిషికంటే ముందు తానే వెళ్ళి కూర్చోవాలి. చేరమనకూడదు, వద్దనకూడదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. జీతం వేళకు వస్తుందని, చేయి పట్టుకుని పని నేర్పేవాళ్ళు ఉంటారని, భోజనాల బల్ల దగ్గర అందరూ ఒక్కసారిగా మౌనమైపోయే రోజులూ ఉంటాయని, దర్జీ ఆవిడ ఇంట్లో తాను ఏం ఒప్పుకుందో, ఎందుకు ఒప్పుకుందో కూడా. ఈ చివరిది అప్పటిదాకా ఆమె ఇంట్లో మాకు కూడా చెప్పలేదు.

మొదట వెళ్ళింది తాళాలు బాగుచేసే ఆయన ఇంటికి. ఆయన కూతురు పెద్ద చదువు మధ్యలో ఆపి సైన్యంలో చేరతానంటోందని పిట్ట చెప్పింది. బయలుదేరే ముందురోజే అత్త రేడియేటరు మూత తీస్తుంటే వేడినీళ్ళు ఎగజిమ్మి కుడిచేయి కాలింది. మోచేతి దాకా కట్టు కట్టుకుని, బస్సులో నిలబడి వెళ్ళింది. సాయంత్రమైంది. వీధిలో దీపాలు అప్పుడే ఒక్కొక్కటీ వెలుగుతున్నాయి.

తలుపు ఆ అమ్మాయే తీసింది.

"ఏమైనా మర్చిపోయావా అక్కా?"

అత్త వెనక్కి తిరిగి వీధిలోకి చూసింది. "ఎప్పుడు వెళ్ళాను?"

"ఇప్పుడేగా! మలుపు కూడా తిరిగి ఉండవు అనుకున్నాను."

లోపల తాళాలాయన బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆయన ఎదుట కుర్చీ కొంచెం వెనక్కి జరిపి ఉంది. బల్ల మీద గ్లాసు ఉంది. అత్త దగ్గరికి వెళ్ళి చూసింది. ఖాళీ గ్లాసు. అంచున గ్రీజు వేలిముద్ర.

"చేయి నొప్పి తగ్గలేదా అమ్మా?" అన్నాడాయన కట్టు చూసి. "రేడియేటరు మూత దగ్గర జాగ్రత్తగా ఉండాలని ఇందాక నువ్వే అన్నావు, తీరా నువ్వే కాల్చుకున్నావు."

అత్త ఆ కుర్చీలో కూర్చోలేదు. గోడకు ఆనుకుని నిలబడి, అమ్మాయిని అడిగింది. "నేనేం చెప్పానో ఒకసారి చెప్పు."

ఆ అమ్మాయి విడ్డూరంగా చూసింది గానీ చెప్పింది. జీతం గురించి, పని నేర్పేవాళ్ళ గురించి, మౌనం గురించి. బస్సులో వస్తూ అత్త మనసులో కూర్చుకున్న మాటలు, అదే వరసలో. తరువాత దర్జీ ఆవిడ సంగతి. చెవిలో చెప్పిన మాట కూడా.

"చేరమన్నానా?"

"అనలేదు. వద్దని కూడా అనలేదు. నువ్వే తేల్చుకో, ఎటు తేల్చుకున్నా నాకు ఫోను చెయ్యి అన్నావు."

బయట వీధి దీపం వెలిగింది. "సరే అయితే" అంది అత్త. "నేను చెప్పాల్సింది కూడా అంతే."

ఆ అమ్మాయి ఆలోచించుకుని, చదువు పూర్తిచేసి, ఆ తరువాతే చేరింది. ఇప్పుడు వంతెనలు కట్టే దళంలో ఉంది. పిట్ట కొత్తగా చేరేవాళ్ళకు రెండు భాషల్లోనూ ఇంజన్ల పాఠాలు చెబుతోంది. తాళాలాయన ఇంటి తరువాత ఆ మనిషి ఎవరింటికైనా వెళ్ళిందని మేం వినలేదు. వెళ్ళినా ఇక తేడా కనిపెట్టే వీలు లేదు.

అత్త ఉద్యోగం చాలించి మా ఇంటి మేడ మీద గదిలో ఉంటోంది. కింద షెడ్డు వేసి బళ్ళు బాగుచేస్తుంది. మొన్నామధ్య, ఆమె మేడ మెట్ల మీద కూర్చుని ఉండగా అడిగాను, అప్పుడు భయం వేయలేదా అని.

"ఆమె అంటే భయం వేయలేదే" అంది అత్త. "ఆ తరువాత చాలా ఇళ్ళకు వెళ్ళాను కదా. కొన్నిటికి వెళ్ళినట్టు గుర్తుంది. కొన్నిటికి వెళ్ళలేదని గుర్తుంది. కానీ ఆ వెళ్ళని ఇళ్ళల్లో కిటికీ ఎటువైపుందో, అద్దం ఎక్కడ తగిలించారో కూడా నాకు తెలుసు. అదే భయం."

ఆమె మెట్ల మీదనుంచి వీధిలోకి వంగి చూసింది.

"ఆ వెళ్ళే ఆటో ఎవరిదే? ప్లగ్గు పోయింది, వినబడటం లేదూ? పిలువు వాణ్ణి" అంది.